జంగయ్య చేతిలో అసలు తుపాకి

"...మూసీల పడేస్తవో, దుర్గం చెరువుల పడేస్తవో నాకు తెల్వది. సోమవారం పొద్దుగాల అది ఈ ఇంట్ల ఉండొద్దు. అంతే."

"జర మెల్లగ మాట్లాడవే. పైన పోరడున్నడు."

"ఉండనియ్. వాని నెత్తి మీదనే గద పెట్టినవ్. ఏడాది సంది వాడు ఆ తుపాకి కిందనే పండుకుంటున్నడు. పాపం వానికి తెల్వదు, నాకు తెలిసి నిద్ర పడుతలేదు."

పై రేకుల గదిలో పళ్లు తోముకుంటున్న సుహాస్ చెయ్యి ఆగిపోయింది. నురుగు గడ్డం మీదికి కారుతుంటే తలెత్తి సజ్జ మీద ట్రంకుపెట్టె వైపు చూశాడు. గది అద్దెకిచ్చిన రోజే జంగయ్య చెప్పాడు, "అది నాది తమ్మీ, ముట్టకు" అని. పాత బట్టలనుకున్నాడు. దాని మీద లాప్‌టాప్ బ్యాగు పెట్టుకున్నాడు, ఎండాకాలంలో ఆవకాయ జాడీ కూడా పెట్టుకున్నాడు.

కింద జంగయ్య భార్య మంజులత గొంతు తగ్గలేదు. "నీ నాయిన ఇస్తే భూమి ఇయ్యాలె. గొర్లియ్యాలె. తుపాకిచ్చిండు! ఆయన పోయినంక లైసెన్సు గూడ పాయె. ఇంక నువ్వెవ్వనివి దాన్ని దాసుకోనీకి? బిడ్డ పోలీసు నౌకరికి సెలెక్టయ్యి, వాళ్లు ఇల్లు చూడనీకి వస్తుంటే, సజ్జ మీద తుపాకా? దాని నౌకరి నోట్ల మన్ను గొడ్తవా?"

"గట్లెందుకంటవే..."

"మరి ఎట్లనాలె? చెప్పు. నోరు తెరువు. ఇంట్లగూడ డైలాగ్ లేనట్టే నిలబడ్తవేంది?"

గేటు కిర్రుమంది. యూసుఫ్‌గూడ గ్రౌండులో పరిగెత్తి కూతురు స్ఫూర్తి తిరిగొచ్చింది. అంతే, మంజులత గొంతు క్షణంలో వేరే మనిషిదైపోయింది. "ఉప్మల ఉప్పెక్కువయ్యిందా ఏందే? మీ నాయిన తింటలేడు!"

ఆ పిల్ల స్నానానికి వెళ్లాక జంగయ్య మెట్లెక్కి పైకొచ్చాడు. ఆరడుగుల మనిషి, గడప దగ్గర తల వంచి, ఆ వంచిన తల ఎత్తకుండానే నిలబడ్డాడు.

"విన్నవా తమ్మీ?"

"విన్నాను బాబాయ్. మీరు పోపేస్తే నాకు తుమ్ములొచ్చే ఇల్లు ఇది. ఇంత గొడవ వినపడదా?"

జంగయ్య పెట్టె దించాడు. పైన మంజులత పాత చీర, దాని కింద జంగయ్య తండ్రి ధోవతి, ధోవతిలో చుట్టిన వేట రైఫిల్. చెక్క పిడి నున్నగా అరిగి, చెంప ఆనిన చోట నల్లబడి ఉంది. కొబ్బరినూనె వాసన. తూటాలు లేవు, అవి ఎన్నడో అయిపోయాయన్నాడు.

సుహాస్ అందుకోబోయాడు. చేతులు గభాలున కిందికి జారాయి. జంగయ్య ఆ పొద్దున మొదటిసారి నవ్వాడు.

"నాకుగూడ గంతే అయింది. ఇన్నేండ్ల సంది పట్టుకుంటున్న గదా అనుకున్న. షూటింగుల ఫైబర్‌ది పట్టిన చెయ్యికి ఇది ఎట్లాగుతది?"

తెలుగు సినిమాలు చూసే అలవాటుంటే జంగయ్యను మీరు చూసే ఉంటారు. గుర్తుండదు, అంతే. విలన్ సోఫాలో కూర్చుని కాలు మీద కాలేసుకుని ఎవడినో చంపమని చెబుతుంటాడు చూడండి, అప్పుడు సోఫా వెనక నల్ల చొక్కాలతో కొందరు నిలబడి ఉంటారు. వాళ్లలో అందరికంటే పొడుగ్గా, మీసం మెలేసి, తుపాకి ఛాతీకి అడ్డంగా పట్టుకుని ఉండేవాడే జంగయ్య. పద్దెనిమిదేళ్లప్పుడు నల్లమల అంచున ఉన్న ఊరి నుంచి పని వెతుక్కుంటూ వచ్చి, కృష్ణానగర్ చౌరస్తాలో నిలబడితే, ఎత్తు చూసి ఎవరో వ్యానెక్కించారు. ఆ రోజు ఏ తుపాకి చేతికిచ్చారో, ఆ తర్వాత ఇంకేమీ ఇవ్వలేదు. మీసం నెరిసింది, రంగు వేసుకున్నాడు. తుపాకులు మారాయి. నిలబడే చోటు మారలేదు. కోఆర్డినేటర్ల ఫోన్లలో అతని పేరు 'గన్‌మ్యాన్ జంగయ్య'. యూనిట్‌లో కొత్తవాళ్లు అది పదవి అనుకుని గౌరవంగా పలకరిస్తారు.

ఒక్క డైలాగూ లేదు. ఫైటు మొదలైతే హీరో తూటా మొదట తగిలేది అతనికే. పొడుగ్గా ఉన్నవాడు పడితే ఫ్రేము నిండుగా ఉంటుందని ఫైట్ మాస్టర్లు అతన్నే ముందు పడేస్తారు. పడటంలో మాత్రం జంగయ్యకు పేరుంది. మోకాలు మడవకుండా వెనక్కి, నరికిన తాటిచెట్టులా.

ఒకసారి ఊళ్లో ఉన్న తండ్రి బాలనర్సయ్యను పక్క టౌనుకు తీసుకెళ్లి, తను ఉన్న సినిమా చూపించాడట. బాలనర్సయ్య అడవి మనిషి. దొరలు వేటకొచ్చే కాలంలో జాడలు చూసి ముందు నడిచినవాడు. వేట బందయ్యాక ఒక దొర తన రైఫిల్‌ని కాగితాలన్నీ సక్రమంగా రాయించి ఆయన పేరు మీదికి మార్పించాడు. చేను మీద పడే అడవిపందుల కోసమని లైసెన్సు ఉండేది. ఆయన పందుల మీద కాల్చేవాడు కాదు, వాటి పక్కన కాల్చేవాడు. అవి పారిపోయేవి, మళ్లీ వచ్చేవి. అది వాళ్ల మధ్య ఒప్పందం.

సినిమా అయ్యాక బయట చాయ్ తాగుతూ ముసలాయన అడిగాడు. "నీ చేతిల తుపాకి ఉన్నది గదరా. ఆ హీరో నీ ముంగటికెళ్లే వచ్చిండు. ఎందుకు కాల్చలే?"

"డైరెక్టర్ చెప్పలే నాయినా."

"చెప్తెనే కాలుస్తరా?"

తండ్రి ఆ మాట మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు. కానీ ఊళ్లో ఎవరైనా "నీ కొడుకు ఏం జేస్తడు పట్నంల?" అంటే, "కట్టె తుపాకి పట్టుకొని పడిపోతడు" అనేవాడు. నవ్వుతూనే అనేవాడు. అందుకే అది జంగయ్యకు ఇంకా లోతుగా దిగింది. రెండేళ్ల కింద ముసలాయన మంచాన పడ్డప్పుడు కొడుకును దగ్గరికి పిలిచి, గోడకున్న రైఫిల్ చూపించి, "ఇది పట్టుకో. ఇది అసలుది" అన్నాడు. మూడో నాడు పోయాడు.

దినాలు కాగానే స్టేషన్‌లో ఇచ్చెయ్యాలని ఊళ్లో వాళ్లు చెప్పారు. జంగయ్య తల ఊపాడు. తల ఊపడం అతని వృత్తి. ధోవతిలో చుట్టి, జొన్నరొట్టెల మూటతో పాటు బస్సెక్కించి ఫిల్మ్ నగర్ తెచ్చేశాడు.

"రెండేళ్లు ఏం చేశారు బాబాయ్ దీంతో?" సుహాస్‌కి మాట చుట్టి అడగడం రాదు. తణుకు నుంచి డైరెక్టర్ అవుదామని, ఇంజనీరింగ్ మూడో ఏడాది మధ్యలో వదిలేసి వచ్చినవాడు. సెట్లో మొహం మీద మాట్లాడి రెండు సినిమాల నుంచి బయటికొచ్చాడు. ఇప్పుడు ఏ సినిమాలోనూ లేడు.

"ఏం జేస్త? దసరాకు తుడిచి బొట్టు పెడ్త. మొన్న దసరాకు నిన్ను చాయ్ తెమ్మని పంపి తలుపేసుకున్న, యాదికుందా?"

"ఇంకా?"

జంగయ్య కిటికీలోంచి చూశాడు. బస్తీ గుట్ట కింద నుంచి చూస్తే పైన జూబ్లీహిల్స్ బంగళాల అద్దాలు మెరుస్తుంటాయి. "నువ్వు లేనప్పుడు తీసి పట్టుకొని నిలబడ్త. గోడకు కాదు. గదిల నడిమిట్ల."

సుహాస్‌కు నవ్వొచ్చింది. నవ్వలేకపోయాడు.

* * *

మధురానగర్‌లో లాయరు లీలాకుమారి ఉంది. సుహాస్‌కి పిన్ని వరస. ఆ సాయంత్రమే ఇద్దరూ వెళ్లారు, తుపాకి లేకుండా. ఆమె కళ్లజోడు తీసి అంతా విని, జంగయ్య కంటే ముందు సుహాస్‌ని తిట్టింది.

"ఇలాంటివాటిలో వేలు పెడతావేంట్రా? మీ అమ్మకి ఫోన్ చెయ్యనా?"

"ముందు ఈయనకి చెప్పు పిన్నీ. తర్వాత నన్ను తిట్టు."

ఆమె జంగయ్య వైపు తిరిగింది. "చూడండీ, ఉన్న దారి ఒక్కటే. తీసుకెళ్లి స్టేషన్‌లో అప్పజెప్పాలి. మీ నాన్నగారు పోయిన వెంటనే చెయ్యాల్సిన పని. రెండేళ్లు ఎందుకు ఉంచుకున్నావని అడుగుతారు. కేసు పెట్టొచ్చు, పెట్టకపోవచ్చు. నేను మాటివ్వలేను."

"చెరువుల పడేస్తే, మేడమ్?"

"దాని నంబరు గవర్నమెంటు దగ్గరుంది. రేపెప్పుడో మీ నాన్నగారి తుపాకి ఏదీ అంటే ఏం చెప్తారు? చేప మింగిందంటారా?"

"మా ఇంటామె గ్యాస్ కటింగోనితోని ముక్కలు జేపియ్యమంటది."

"అప్పుడు రుజువు మాయం చేశారని ఇంకోటి రాస్తారు."

జంగయ్య చేతులు మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. "కేసైతే బిడ్డ నౌకరి పోతదా?"

లీలాకుమారి తీసిన కళ్లజోడు మళ్లీ పెట్టుకుంది. "చట్టప్రకారం మీ తప్పు అమ్మాయికి అంటుకోకూడదు. కానీ వెరిఫికేషన్‌కి వచ్చినవాడు ఏం రాస్తాడో, దాన్ని పైవాడు ఎలా చదువుతాడో... సోమవారంలోపు మీ అంతట మీరు ఇచ్చేస్తేనే మంచిది. వాళ్లొచ్చి పెట్టె తెరిచారనుకోండి, అప్పుడు నేనేం మాట్లాడినా ఉపయోగం లేదు."

శనివారం పొద్దున్నే ఇచ్చేద్దామని తీర్మానించుకున్నారు. కానీ శుక్రవారం రాత్రి కోఆర్డినేటర్ ఫోన్ చేశాడు, ఫిల్మ్ నగర్ స్టూడియోలో పొద్దున ఆరింటికల్లా రమ్మని. ముప్పై ఏళ్లలో జంగయ్య ఏ కాల్‌కీ రానని చెప్పలేదు. "మధ్యాహ్నం ప్యాకప్ అయితది, అట్నుంచటే పోదాం" అన్నాడు.

మంజులతకు ఇది చెప్పిన తర్వాత ఏం జరిగిందో పైకి బాగానే వినపడింది.

శనివారం మధ్యాహ్నం సుహాస్ రైఫిల్‌ని ట్రైపాడ్ బ్యాగులో పెట్టుకుని స్టూడియో గేటు దగ్గరికి వెళ్లాడు. బ్యాగులోంచి గొట్టం జానెడు బయటికి పొడుచుకొచ్చింది. సెక్యూరిటీవాడు చూసి, "షూటింగ్ ప్రాపర్టీస్ వ్యాన్ అటు సైడ్ భయ్యా" అని చెయ్యి చూపించాడు. టీ బండి దగ్గర ఇద్దరు మేకప్‌వాళ్లు చూశారు. పక్కన ఆగిన ఆటోవాడు చూశాడు. ఎవడూ రెండోసారి చూడలేదు. ఊరంతటిలో పట్టపగలు తుపాకి మోసుకుని తిరిగినా ఎవడికీ అనుమానం రాని చోటు ఇదొక్కటే అయ్యుంటుంది.

జంగయ్య బయటికొచ్చాడు. నల్ల చొక్కా, నల్ల ప్యాంటు, నడుముకు తోలు పటకా. కనుబొమ్మ నుంచి చెంప దాకా ఎర్రగా కత్తిగాటు.

"ఆ గాటేంటి బాబాయ్! కడుక్కుని రాకూడదా?"

"కడిగిన తమ్మీ. పోతలేదు. కొత్త మేకప్‌మ్యాన్, ఏదో గమ్ము కలిపిండు. పా, పొయ్యొద్దాం. లేటయితే నా ధైర్యం ఆగది."

స్టేషన్ గేటు దగ్గర బండి దిగి, బ్యాగు జిప్పు తీసి, రైఫిల్‌ని రెండు చేతులతో, దేవుడి ఎదుట కొబ్బరికాయ పట్టుకున్నట్టు పట్టుకుని, జంగయ్య నడిచాడు. సెంట్రీగా ఉన్న కుర్ర కానిస్టేబుల్ ఒక్క అంగ వెనక్కి వేశాడు. తర్వాత మొహం మీద గాటు చూశాడు, నల్లబట్టలు చూశాడు, పళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు.

"అరే! నువ్వు ఆ... విలన్ వెనకాల... ఫస్టే పడిపోతవు గద! అన్నా, నువ్వేనా?"

జంగయ్య తలూపాడు.

"ఈడ షూటింగుందా? మాకెవ్వరు చెప్పలే."

ఇక్కడ జంగయ్య చెప్పాల్సింది ఒక్క మాట. దారి పొడుగునా బండి మీద సుహాస్ వీపు వెనక కూర్చుని ఆ మాట వల్లె వేస్తూనే వచ్చాడు. 'సార్, ఇది మా నాయిన తుపాకి. నిజమైంది. ఇయ్యనీకొచ్చిన.' పెదవులు కదిలాయి. గొంతులోంచి ఏదో వచ్చింది, మాట కాదు. చెమటకు గాటు రంగు కరిగి గడ్డం మీదికి దిగుతోంది.

సుహాస్ ఆగలేకపోయాడు. "అన్నా, ఇది డమ్మీ కాదు. నిజమైన రైఫిల్. ఈయన తండ్రిది. డిపాజిట్ చెయ్యడానికి వచ్చాం."

కానిస్టేబుల్ అతన్ని పై నుంచి కింద దాకా చూశాడు. గడ్డం, మాసిన టీషర్టు, భుజానికి ట్రైపాడ్ బ్యాగు. "నువ్వు డైరెక్టరా?"

"కాదు. అంటే... అవుతాను. అదికాదన్నా, పట్టుకుని చూడండి, బరువు తెలుస్తుంది."

"ఏడ పెట్టినవ్ కెమెరా? ఆ కారుల ఉందా?" కానిస్టేబుల్ రోడ్డవతలికి చూసి నవ్వి జుట్టు సవరించుకున్నాడు. "మొన్న గిట్లనే యూట్యూబోళ్లు ఇద్దరొచ్చి సారు ముంగట డ్రామా జేసి తిట్లు తిన్నరు. ప్రాంకులు ఇక్కడ నడవయ్ తమ్మీ. కానీ అన్న నాకు తెలుసు. అన్నా, జర ఇటు తిరుగు."

ఫోన్ తీశాడు. జంగయ్య భుజం మీద చెయ్యేశాడు. ఎదురుగా కెమెరా కనిపించేసరికి జంగయ్య ఒళ్లు దానంతట అదే పని చేసింది. వెన్ను నిటారైంది. రైఫిల్ ఛాతీకి అడ్డంగా వచ్చింది. చూపు శూన్యంలోకి పోయింది. కానిస్టేబుల్ మూడు ఫోటోలు తీసుకున్నాడు, వెనక స్టేషన్ బోర్డు కూడా పడేలా.

"నంబరు చెప్పన్నా, పంపుత. సారొచ్చే టైమైంది, ఇగ పోన్రి. తిడ్తడు."

సుహాస్ ఇంకా ఏదో అనబోయాడు. జంగయ్య అప్పటికే బండి దగ్గరికి నడుస్తున్నాడు, పొమ్మన్నారు కాబట్టి.

* * *

ఆదివారం మధ్యాహ్నానికి ఫోటో జూనియర్ ఆర్టిస్టుల గ్రూపులోకి వచ్చింది. 'మన గన్‌మ్యాన్‌కి పోలీస్ ప్రొటెక్షన్' అని ఎవడో రాశాడు. కింద నవ్వే బొమ్మలు. దండాలు. 'అన్నా ఫైనల్‌గా సోలో ఫ్రేమ్' అని ఇంకొకడు.

మంజులత ఆ ఫోటో చూసి అరవలేదు. అందుకే భయం వేసింది సుహాస్‌కి. ఆమె గడపలో కూర్చుని, బియ్యం చాట ఒళ్లో పెట్టుకుని, రాళ్లు ఏరకుండా ఉండిపోయింది.

"నిన్నటిదాంక ఇంట్ల ఉందో లేదో ఎవ్వనికి తెల్వకుండె. ఇప్పుడు ఫోటో గూడ దిగొచ్చిండు. స్టేషన్ ముంగట. బోర్డుతోని." ఆమె సుహాస్‌ని చూసింది. "నువ్వన్న చెప్పరాదా కొడుకా, సదువుకున్నోనివి?"

"చెప్పాను పిన్నీ. నమ్మలేదు."

"రేపు మళ్ల పోతే?"

సుహాస్ లీలాకుమారికి ఫోన్ చేశాడు. ఇప్పుడు ఇవ్వడానికి వెళ్తే ఆ కుర్ర కానిస్టేబుల్ పరువు కూడా ఇందులో ఇరుక్కుందనీ, తన ఉద్యోగం కాపాడుకోవడానికి వాడేం చెబుతాడో తెలియదనీ అంది. అయినా ఇవ్వకుండా ఉండొద్దంది. రేపు కోర్టులో పనుంది, మధ్యాహ్నానికి గానీ రాలేనంది. వెరిఫికేషన్‌వాళ్లు పొద్దున్నే వస్తారు.

స్ఫూర్తికి ఇదేమీ తెలియదు. మెట్ల మీద కూర్చుని బూట్లకు పాలిష్ వేసుకుంటోంది. తండ్రి ఫోటో చూసి ఆ పిల్ల మురిసిపోయింది. "నాయినా, గీ డమ్మీ మస్తుంది. అచ్చం అసలుదాని లెక్కనే ఉంది. రేపు వాళ్లొచ్చేటప్పటికి నువ్వు ఆ గాటు మాత్రం కడుక్కో. రౌడీ బిడ్డ అనుకుంటరు నన్ను."

"కడుగుత బిడ్డా."

"ట్రైనింగుల మాకు గిసొంటివే ఇస్తరట. నేనొచ్చినంక నీకు అసలుది ఎట్ల పట్టుకోవాల్నో నేర్పిస్త."

జంగయ్య నవ్వాడు. ఆ నవ్వు ముగించడం అతనికి చేతకాలేదు. మొహం మీద అలాగే ఉండిపోయింది.

పొద్దు గుంకుతుండగా పైకొచ్చాడు. గాటు ఇంకా పూర్తిగా పోలేదు. తోమి తోమి చెంప ఎర్రబడింది. రైఫిల్ మళ్లీ పెట్టి మూసిన ట్రంకుపెట్టె నేల మీదే ఉంది, శనివారం దించిన దగ్గర. దాని మీద కూర్చున్నాడు. కింద నుంచి అన్నం ఉడుకుతున్న వాసన వస్తోంది. గుట్ట మీద గుడి మైకు పెట్టారు.

"ఏం చేద్దాం బాబాయ్?" అన్నాడు సుహాస్. "పొద్దున్నే వాళ్లు రాకముందే మళ్లీ వెళ్దాం. ఈసారి ఎస్సై దగ్గరికి నేరుగా వెళ్దాం. నేనే మాట్లాడతాను."

"ఏం మాట్లాడ్తవ్?"

"ఉన్నది ఉన్నట్టు చెప్తాను."

"ఉన్నది ఉన్నట్టు చెప్తే నేను లోపల. నేను లోపల పోతే దాని నౌకరి పాయె." జంగయ్య అరచేత్తో పెట్టె మూతను రుద్దాడు, గొర్రెపిల్ల వీపు నిమిరినట్టు. "అది మూడేండ్ల సంది ఉరుకుతున్నది తమ్మీ. మొదటిసారి అర సెకను తేడాల పోయింది. ఏడ్వలే. తెల్లారి మళ్ల గ్రౌండుకు పోయింది. నేను షూటింగుకు పోయేటప్పుడు అది రన్నింగుకు పోయేది. చౌరస్తా దాకా ఇద్దరం కలిసి నడిచేటోళ్లం."

జంగయ్య ఇంతసేపు మాట్లాడటం సుహాస్ ఎప్పుడూ వినలేదు.

"నాయిన అడిగిండు, చేతిల తుపాకి ఉండి ఎందుకు కాల్చలే అని. నాకు ఇప్పుడు గూడ తెల్వది. నిన్న ఆ పోలీసు పిల్లగాడు మంచోడే. నేను ఒక్క మాటంటే అయిపోతుండె. ఎవ్వరన్న రాసిస్తే చెప్తుంటినేమో." అతను తల పైకెత్తాడు. కళ్లు సుహాస్ మీద కాదు, సుహాస్ భుజం పక్కన గోడ మీద ఆగాయి, షాట్‌లో ఆగినట్టు. "నిన్నటి సంది ఒకటే ఆలోచన జేస్తున్న. తిట్టుకోకు."

"చెప్పండి."

"పెట్టె నీ రూముల ఉన్నది. కిరాయి రూము. నీకు నౌకరి లేదు, పోయేది లేదు. పెండ్లి గాలే. రేపెవ్వడు నీ ఇల్లు చూడనీకి వస్తలేడు. లాయరు నీ చుట్టమే, నిన్ను ఇడిపిస్తది. షార్ట్ ఫిల్ముకు డమ్మీ అనుకొని ఏడనో కొనుక్కొచ్చిన, ఆయనకు పోజుకిచ్చిన, అసలుదని ఇప్పుడు తెలిసింది అని చెప్తే... ఫోటోకు గూడ జవాబైతది. నిన్న నువ్వు అసలుదన్నది ఆ పోలీసు పిల్లగాడు ప్రాంకే అనుకున్నడు. నంబరు చూసి మా నాయిన పేరు తీసేటప్పటికి జర టైమైతది. అప్పటికి బిడ్డ ట్రైనింగుకు పోతది. డైలాగులు నీకొస్తయ్ సుహాసూ, నాకు రావు."

కింద స్ఫూర్తి బూట్లు నేలకేసి టకటక కొట్టి చూసుకుంటోంది, పాలిష్ మెరుస్తోందో లేదో అని.

జంగయ్య పెట్టె మీద నుంచి లేచాడు. గది మధ్యలో, రెండు చేతులూ ఖాళీగా, నిటారుగా నిలబడ్డాడు.

"'ఆ తుపాకి నాదే' అని నువ్వు చెప్తవా తమ్మీ?"